పైసలు లెన్స్ మీద పెట్టండి, డబ్బా మీద కాదు

సద్దుల బతుకమ్మ రోజు హన్మకొండ వేయి స్తంభాల గుడి దగ్గర సాయంత్రం ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆట ఊపందుకునేసరికి ఆకాశంలో వెలుతురు అయిపోతుంది. మిగిలేవి కర్రలకు కట్టిన ఫోకస్ లైట్లు, బతుకమ్మల పక్కన పెట్టిన దీపాలు. వరంగల్‌లో పాతిక వేలు చేతిలో పెట్టుకుని కెమెరా కొనబోయే వాళ్లు ముందు ఈ వెలుతురు గురించి ఆలోచించాలి. మెగాపిక్సెళ్ల సంగతి తర్వాత.

నేను చెప్పేది సూటిగా ఇది. డబ్బు తక్కువగా ఉంటే కొత్త కెమెరా జోలికి పోకండి. చవకైన పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకునే కెమెరా) బాడీ, అంటే లెన్స్ లేని ఒట్టి కెమెరా కొని, మిగిల్చిన డబ్బుతో ముందు ఎఫ్ 1.8 లెన్స్ తీసుకోండి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది. షాపుల్లో చెప్పేదానికి ఇది పూర్తిగా ఉల్టా అని తెలుసు. అయినా ఇదే సరైంది.

ఎనిమిదేళ్ల కింద నేను షాపు మాటే విన్నాను. కొత్త కెమెరా, రెండు లెన్సుల సెట్టు, బ్యాగు, ట్రైపాడ్ ఫ్రీ, పన్నెండు నెలల ఈఎంఐ. మూడో కిస్తీ కట్టిన నెలలోనే దసరా వచ్చింది. సద్దుల బతుకమ్మ సాయంత్రం మూడు వందలకు పైగా ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే చప్పట్లు కొట్టే చేతులన్నీ పొగలా ఉన్నాయి. ఫ్లాష్ వేసి తీసినవాటిలో ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, వెనక గుడి మాయమైంది, తంగేడు పసుపు పాలిపోయింది. మా అమ్మ అన్నీ వరుసగా చూసి "ఇందుల నేనేడున్న బిడ్డా?" అని అడిగింది. కొన్నచోటికి ఫోన్ చేస్తే సెట్టింగులు నేర్చుకోమన్నారు. మరుసటి ఏడాది తెలిసిన స్టూడియో అన్న తన పాత 50 ఎంఎం లెన్స్ ఆ ఒక్క సాయంత్రం కోసం ఇచ్చాడు. కెమెరా అదే, గుడి అదే. ఈసారి అమ్మ చెవి కమ్మలు కూడా ఫొటోలో పడ్డాయి.

ఇందులో మాయ ఏమీ లేదు, చిన్న లెక్క ఉంది. సెట్టుతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అంటే రంధ్రం అడ్డకొలత సుమారు 10 మిల్లీమీటర్లు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌కు అదే రంధ్రం 28 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. సెన్సర్ (లోపల ఫొటోను పట్టే చిప్) మీద పడే వెలుతురు దాదాపు పది రెట్లు. ఐఎస్ఓ (మసకలో ఫొటోను వెలుగుగా చేసే సెట్టింగు) ఏమీ మార్చకుండానే, కిట్ లెన్స్‌తో 1/10 సెకను పట్టే ఫొటో దీనితో 1/100 సెకనులో అయిపోతుంది. చప్పట్లు కొట్టే చెయ్యి 1/10 సెకనులో బెత్తెడు కదులుతుంది. 1/100 సెకనులో వేలి మందం కూడా కదలదు. కిట్ లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు. అది కెమెరా పట్టుకున్న మీ చెయ్యి వణుకును ఆపుతుంది. ఆడే మనిషిని ఆపలేదు.

మరి బాడీ? రెండు పెద్ద కంపెనీలూ డీఎస్ఎల్ఆర్ దారి వదిలేశాయి. కెనాన్ 850డీ, నికాన్ డీ780 రెండూ 2020లో వచ్చాయి, ఆ తర్వాత వాళ్ల దృష్టంతా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాల మీదే. పెళ్లిళ్లు చేసే ఫొటోగ్రాఫర్లు కూడా అటే మారుతున్నారు కాబట్టి వాళ్ల పాత బాడీలు చవకగా బయటికొస్తున్నాయి. తక్కువ డబ్బున్నవాళ్లకు ఇంతకంటే మంచి కాలం ఎప్పుడూ లేదు. 2013లో వచ్చిన కెనాన్ 700డీ గానీ, అదే ఏడాది వచ్చిన నికాన్ డీ5300 గానీ మంచి స్థితిలో పదిహేను వేలకు అటూ ఇటూగా దొరికితే తీసుకోండి. 700డీలో ఉన్నది 18 మెగాపిక్సెళ్లేనని చిన్నచూపు వద్దు. ఆ ఫొటో వెడల్పు 5184 చుక్కలు. 18 అంగుళాల ప్రింటు వేస్తే అంగుళానికి 288 చుక్కలు పడతాయి. పెళ్లి కరిజ్మా ఆల్బమ్‌లో నిండు పేజీ ఫొటోకు ఇది చాలు. మీరు తీసేవి అంతకంటే పెద్దవి ప్రింటు వేయిస్తారా?

కెనాన్ బాడీకి కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్టీఎం లెన్స్ వెయ్యండి. 1987 నుంచి ఉన్న మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) కాబట్టి అంతకుముందు తరం 50 కూడా దానికి పనిచేస్తుంది. నికాన్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్స్ చవకగా వచ్చిందని కొంటే చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేసుకోవాలి. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే కొనండి. డీ90, డీ7000 బాడీల్లో మోటార్ ఉంది, వాటికి పాతవీ నడుస్తాయి. ఇంట్లో, చిన్న గదుల్లో ఎక్కువగా తీసేవాళ్లకు 50 ఇరుకవుతుంది. ఈ కెమెరాల చిన్న సెన్సర్ వల్ల అది 75 లేదా 80 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఎదురుగా ఉన్నదాంట్లో కొంతే ఫొటోలో పడుతుంది. అలాంటివాళ్లకు నికాన్ 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్ నయం. యూట్యూబ్ జానపద పాటలు షూట్ చేసే తమ్ముళ్లకైతే నడుస్తున్నవాళ్ల మీద ఫోకస్ నిలవాలి, కాబట్టి డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ఉన్న కెనాన్ 200డీ వైపు చూడాలి. కొత్తదే అయినా 1500డీలో అది లేదు.

పాతది కొనాలంటే టెన్షన్ ఉంటుంది, అది న్యాయమే. అందుకే పగటిపూట, అమ్మేవాళ్ల ముందే చూసుకోవాలి. లెన్స్ విప్పి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, రెండో వైపు నుంచి వాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. ఎంత చవకైనా వదిలేయండి. తర్వాత ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని గానీ తెల్ల గోడను గానీ తీసి, పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలు దుమ్మువైతే తుడిపించొచ్చు, గీత ఉంటే మాత్రం సెన్సర్ దెబ్బతిన్నట్టే. షట్టర్ కౌంట్, అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో అడగండి. ఈ తరగతి బాడీలకు కంపెనీలు చెప్పే లెక్క లక్ష క్లిక్కుల దగ్గర ఉంటుంది. రెండు సీజన్లు పెళ్లిళ్లు తిరిగిన కెమెరాకు ఆ లెక్క ఎప్పుడో దాటి ఉండొచ్చు. నికాన్ అయితే ఆ అంకె ప్రతి ఫొటో ఫైల్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. కెనాన్‌లో చాలా మోడళ్లకు ఫొటో నుంచి తెలియదు, కంప్యూటర్‌కు కలిపి చూడాల్సిందే. ఇక బిల్లు. పాత బిల్లు మీద సీరియల్ నంబర్, కెమెరా అడుగున ఉన్న నంబర్ ఒకటే కావాలి. తేడా వస్తే, బిల్లు అసలే లేదంటే లేచి వచ్చేయండి. దొంగ సొత్తు కొని స్టేషన్ చుట్టూ తిరగడం కంటే ఇంకో నెల ఆగడం మేలు.

ఫోన్ ఉండగా కెమెరా ఎందుకు అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. పగటి వెలుతురులో ఇప్పటి ఫోన్ తీసే ఫొటోకు వంక పెట్టలేం, జేబులో ఉన్న కెమెరానే మంచి కెమెరా అన్నదీ ఒప్పుకుంటాను. కానీ ఫోన్ నైట్ మోడ్ అంటే వరుసగా కొన్ని ఫొటోలు తీసి కలిపి ఒకటి చేయడం. నిలబడ్డ గుడికి అది బాగా పనిచేస్తుంది. తిరుగుతున్న మనుషులు అందులో చెదిరిపోతారు, లేదా మైనపు బొమ్మల్లా నునుపు తేలతారు. అరవై వేల ఫోన్‌కు కిస్తీలు కట్టే మనిషి, అందులో సగం కూడా కాని డబ్బుకు వచ్చే పాత కెమెరాను ఖర్చు అనడం నాకు మింగుడు పడదు.

నేను వెలుతురు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మన దగ్గర విలువైనదంతా మసక వెలుతురులోనే జరుగుతుంది. మేడారం జాతరలో సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకు వచ్చేది చీకటి పడుతున్న వేళకే. మర్నాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చేదీ అప్పుడే. ఆ క్షణం రెండేళ్లకోసారి వస్తుంది, మళ్లీ తియ్యడానికి ఉండదు. ఒగ్గు కథ రాత్రి పూట, పందిరి కింద, ఒకటో రెండో బల్బుల వెలుతురులో నడుస్తుంది. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగారు. అందరూ బయటి మదనికల శిల్పాలను తీసి వెళ్తున్నారు. లోపల రంగమండపం స్తంభాల మీద అంగుళం అంగుళానికీ చెక్కిన నాట్యకత్తెలు చీకట్లో ఉండిపోతున్నారు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి. చేతిలో పట్టుకుని తియ్యాలంటే ఎఫ్ 1.8 ఉంటే పని తేలిక.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాటకు వస్తాను. ఉత్తర తెలంగాణలో ఏ ఊరికి వెళ్లినా బస్టాండు దగ్గర ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఉంటుంది. అందులో ముసలవ్వ ఫొటో చూడండి. ఆధార్ కార్డులోంచి కత్తిరించి, పెద్దది చేసి, వెనక నీలి ఆకాశం అతికించిన ఫొటో. కళ్లు చెదిరి ఉంటాయి, ముఖంలో భయం ఉంటుంది. కంప్యూటర్ ముందు వరుసలో నిలబడి దిగిన ఫొటో అది. డెబ్బై ఏళ్లు బతికి, నాట్లు వేసి, బీడీలు చుట్టి, ముగ్గురిని పెంచిన మనిషికి పటం కట్టించడానికి ఇంకో ఫొటో లేదు. ఆ ఇంట్లోనే నాలుగు ఫోన్లున్నాయి, వాటిలో వేల సెల్ఫీలున్నాయి.

ఫొటో అనేది మన దగ్గర మొదటి నుంచీ ఉన్నవాళ్ల సొత్తు. ఆరో నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ తీసిన దర్బారులు, వేటలు, భవనాలు ఇప్పటికీ ఉన్నాయి. అదే కాలంలో పొలం దున్నిన మనిషి ముఖం వెతికినా దొరకడం కష్టం. వరంగల్ బిడ్డ, ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ దశాబ్దాల పాటు తెలంగాణ పల్లె ఆడవాళ్లను, బతుకమ్మను, ఇళ్ల తలుపులను తీసి ఆ లోటు కొంత తీర్చారు. 2022లో ఆయన పోయారు. ఆ పని ఒక్కరితో అయ్యేది కాదు. పెంబర్తి ఇత్తడి పని చేసే ముసలి చేతులు, సిరిసిల్ల మగ్గం గుంతలో కూర్చున్న తాత, ఏనుమాముల యార్డులో మిర్చి కుప్పల మధ్య దగ్గుకుంటూ పనిచేసే హమాలీ, మూతపడ్డ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసి ఇంకా బతికున్నవాళ్లు. వీళ్లను తియ్యడానికి హైదరాబాద్ నుంచి ఎవరూ రారు. వచ్చినా గంటసేపు ఉండి, పండుగ బట్టలు కట్టించి తీసుకుని పోతారు. ఆ ఊళ్లో పుట్టిన పిల్ల, ఆ తాతను తాత అని పిలిచే పిల్ల తీస్తే ఆ ముఖం వేరుగా ఉంటుంది.

అందుకే చవక కెమెరా విషయాన్ని నేను చిన్నదిగా చూడలేను. లక్ష రూపాయలుంటేనే ఫొటోగ్రఫీ అన్న మాట పిల్లల తలకు ఎక్కితే కెమెరా పెళ్లి స్టూడియోల దగ్గరే ఆగిపోతుంది. జిల్లాల్లోని డిగ్రీ కాలేజీలు లైబ్రరీలో పుస్తకాలిచ్చినట్టు వారానికో కెమెరా ఎందుకు ఇవ్వకూడదు? పాత బాడీలు మూలన పడేసిన స్టూడియో అన్నలు ఒక్కొక్కటి ఇచ్చినా, ఒక కాలేజీకి అయిదారు కెమెరాలు అవుతాయి.

పాతిక వేలలో బాడీ పదిహేను, వాడిన 50 ఎంఎం లెన్స్ అయిదారు వేలు. కార్డు, రెండో బ్యాటరీ, వానాకాలానికి సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బా కొన్నాక కూడా రెండు వేలు మిగలాలి. అవి ప్రింట్లకు. బియ్యం డబ్బాలో మాత్రం కెమెరా పెట్టకండి, పిండి లోపలికి పోతుంది.

కొన్న రోజే మీ అవ్వను తలుపు పక్కన, వెలుతురు ఒక చెంప మీద పడేలా పీట వేసి కూర్చోబెట్టండి. ఎఫ్ 1.8 పెట్టి, దగ్గరున్న కంటి మీద ఫోకస్ చెయ్యండి. మొదటి పది ఫొటోలకు ఆమె బిగుసుకుపోయి కూర్చుంటుంది. మాట్లాడిస్తూ ఉండండి, పుట్టింటి సంగతి అడగండి. ఆమె మిమ్మల్ని చూస్తున్నప్పుడు తీసిన ఫొటోను 12×18లో వేయించి, పటం కట్టించి ఇంట్లో పెట్టండి. ఆమె ఉండగానే.