పగడాల మీద నాచుకు పెరాక్సైడ్ మూత మందు కాదు

చెన్నైలో రీఫ్ ట్యాంకులు (ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియంలు) పెట్టుకున్న మన తెలుగువాళ్ల వాట్సాప్‌లో ఒక చిట్కా తెగ తిరుగుతోంది: "పగడాలకు నాచు పట్టిందా? మూడు రోజులు లైటు ఆపండి. మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంద లీటర్లకు ఒక మూత పోయండి. సగం నీళ్లు తీసి మెరీనా నీళ్లు నింపండి. ఫాస్ఫేట్ సున్నాకి దించండి." దయచేసి ఇది చేయకండి. నాచు కంటే ముందు పగడాలే పోవచ్చు.

ముందు ఒక టార్చి వేసి దగ్గరగా చూడండి. ఆరోగ్యంగా ఉన్న పగడం కండ మీద నాచు మామూలుగా పాతుకోదు, దాని జిగురూ కుట్టే కణాలూ నిలవనివ్వవు. పచ్చటి పోగులు మొలిచేది కండ వెనక్కి తగ్గి తెల్లటి అస్థిపంజరం బయటపడ్డ అంచున, లేదా పగడాన్ని అతికించిన కింది ప్లగ్ (చిన్న దిమ్మ) మీద. అంటే అక్కడ కండ ముందే చచ్చింది. ఆల్కలినిటీ ఎగుడుదిగుళ్లా, పక్క పగడం కుట్టిందా, మే నెలలో నీళ్లు 29 డిగ్రీలు దాటాయా? కారణం తెలియకపోతే ఎంత గీకినా నాచు మళ్లీ వస్తుంది.

లైటు ఆపితే ఎర్రటి జిగట పొరలాంటి సయనోబాక్టీరియా కొంత తగ్గుతుంది, నిజమే. హెయిర్ ఆల్గే (ఆ పచ్చటి పోగుల నాచు) మాత్రం మూడు రోజుల చీకటిని తట్టుకుంటుంది. పైగా చచ్చిన పొర కుళ్లి ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి, ఆపేవాళ్లు ఎయిర్ పంపు తప్పక నడపాలి.

అసలు ప్రమాదం ఆ మూత. ఆన్‌లైన్ సలహాలన్నీ 3 శాతం ద్రావణానికి రాసినవి: సుమారు 38 లీటర్లకు 1 మి.లీ. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతం, సీసా మీద '20 వాల్యూమ్స్' అని ఉంటుంది. అంటే మోతాదు అక్కడే రెట్టింపు. మూతకైతే కొలతే లేదు. ముందు పోయేది క్లీనర్ రొయ్యలు, జీనియా అనే మెత్తటి పగడం.

పెరాక్సైడ్ వాడాల్సిన చోటు ట్యాంకు బయట. పగడాన్ని ట్యాంకు నీళ్లున్న చిన్న టబ్బులోకి తీసి, పట్టకారుతో పోగులను మొదలంటా పీకండి. మెత్తటి టూత్‌బ్రష్‌తో ప్లగ్ రుద్దండి. ట్యాంకులోనే రుద్దితే తెగిన ముక్కలు అన్ని రాళ్లకూ పాకుతాయి. తర్వాత ప్లగ్‌ను మాత్రం 950 మి.లీ. ట్యాంకు నీళ్లలో 50 మి.లీ. 6 శాతం పెరాక్సైడ్ కలిపి 5 నిమిషాలు ముంచండి. నాచు మీద సన్నటి నురగ లేస్తుంది. కండకు తగలనివ్వకండి, ఆక్రొపోరా అనే సున్నితమైన కొమ్మల పగడం విషయంలో మరీ జాగ్రత్త. శుభ్రమైన ట్యాంకు నీళ్లలో కడిగి పెట్టేయండి. మూడు నాలుగు రోజుల్లో మిగిలిన పోగులు తెల్లబడతాయి.

మెరీనా నీళ్లా? ఉత్తరాన కూవం, దక్షిణాన అడయారు మురుగు తెచ్చి కలిపే తీరం అది. నాచుకు ఎరువు మోసుకొచ్చినట్టే. వానాకాలంలో ఉప్పదనమూ పడిపోతుంది. ఆర్‌ఓ–డీఐ (లవణాలన్నీ తీసేసే ఫిల్టర్) నీళ్లలో రీఫ్ సాల్ట్ కలిపి సాంద్రత 1.025 దగ్గర ఉంచండి. ఇంట్లో తాగే ఆర్‌ఓ సరిపోదు: చాలావాటిలో రుచి కోసం ముడి నీళ్లు కొంచెం తిరిగి కలుస్తాయి. సాల్ట్ కలపక ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు సున్నా చూపాలి.

ఇక నాచుకు ఆహారమైన ఫాస్ఫేట్ సున్నా సంగతి. నాచే తాగేస్తుంటే టెస్ట్ కిట్ సున్నానే చూపిస్తుంది, దాన్ని చూసి ఇంకా దించితే పగడాలు పాలిపోతాయి, ఆ ఖాళీలో డైనోఫ్లాజెల్లేట్లు (గోధుమరంగు జిగట పొరగా పెరిగే సూక్ష్మజీవులు) వచ్చి కూర్చుంటాయి. నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంచండి. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఇనుప ఆక్సైడ్ గుళికలు) వాడితే చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, రెండు రోజులకోసారి కొలుస్తూ పెంచండి.