పంక్తిలో వలపక్షం ఉంటే యుద్ధం సాగదు

యుద్ధకాలంలో జనాన్ని నాయకుల ప్రసంగాలే కదిలించాయని చెప్పుకోవడం మామూలే. ప్రసంగం వేడి ఎన్నాళ్లుంటుంది? ఏళ్ల తరబడి అర్ధాకలితో సర్దుకుని, పన్నులు కట్టి, కన్నకొడుకును సైన్యానికి పంపాలంటే పక్కింటివాడి మీదా అంతే భారం పడుతోందని కంటికి కనబడాలి. ఓటున్న జనం అడిగేది ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రేషన్‌నే చూడండి. 1940 జనవరి 8న బేకన్, వెన్న, పంచదారతో మొదలైంది. ఎవరి రేషన్ పుస్తకాన్ని వారు ఒక దుకాణంలో నమోదు చేయించుకోవాలి. అక్కడ ఎన్ని పేర్లుంటే అంతమందికి సరిపడా సరుకుకే దుకాణదారుకు పర్మిట్. తప్పకుండా ఇవ్వగలిగిన సరుకునే ఈ పద్ధతిలో పెట్టడం అసలు కిటుకు. కూపన్ చేతిలో ఉండి సరుకు దొరకకపోతే కోపం సర్కారు మీదికే మళ్లుతుంది.

మరి డబ్బాల్లో వచ్చే మాంసం, చేపల సంగతి? అవి ఎప్పుడెంత దొరుకుతాయో నమ్మకం లేదు. అందుకే 1941 డిసెంబరు నుంచి మనిషికి కొన్ని పాయింట్లు ఇచ్చి, ఒక్కో డబ్బాకు ఇన్ని పాయింట్లని పెట్టారు. ఏది కొనాలో జనం ఇష్టం. ఎగబడి కొంటున్న డబ్బాకు పాయింట్లు పెంచడం, అలమరలో మిగిలిపోతున్నదానికి తగ్గించడం అధికారుల పని. రొట్టె, బంగాళాదుంపలను మాత్రం యుద్ధం ముగిసేదాకా ముట్టుకోలేదు. ఒళ్లు వంచి పనిచేసేవాడి కడుపు నిండాలి కదా. రొట్టెకు రేషన్ వచ్చింది యుద్ధం గెలిచాక, 1946లో!

ఇందులోనూ ఒక కన్నం ఉంది. హోటల్ భోజనానికి కూపన్ అక్కర్లేదు. డబ్బున్నవాడు ఇంట్లో రేషన్ తిని, బయట మళ్లీ తినొచ్చు. సణుగుడు పెరిగాక 1942లో భోజనం ధర ఐదు షిల్లింగులు దాటకూడదన్నారు. ఖరీదైన హోటళ్లకు అదనపు రుసుము వసూలు చేసుకునే వీలు ఉండనే ఉంది.

పన్నుల్లోనూ ఇదే లెక్క. కంపెనీల యుద్ధకాలపు అదనపు లాభాలపై 1940లో బ్రిటన్ నూటికి నూరు శాతం పన్ను వేసింది. ఖజానాకు ఎంత వచ్చిందన్నది అటుంచితే, జీతం పెంచమనకుండా ఓపిక పట్టండని కార్మికుడిని అడిగే మొహం సర్కారుకు దాంతోనే వచ్చిందని నా అభిప్రాయం. అమెరికాలో 1939లో సుమారు 40 లక్షలున్న ఆదాయపు పన్ను చెల్లింపుదారులు 1945కల్లా 4 కోట్లు దాటారు. 1943 నుంచి పన్ను జీతంలోనే కోసేయడంతో వసూలు సులువైంది.

అన్నిటికంటే కష్టమైనది ప్రాణాల పంపకం. అమెరికా అంతర్యుద్ధంలో 300 డాలర్లు కడితే సైన్యానికి వెళ్లనక్కర్లేదన్నారు. డబ్బున్నవాడు తప్పించుకుంటాడన్న కోపంతో 1863 జులైలో న్యూయార్క్‌లో అల్లర్లు చెలరేగాయి. ఉక్రెయిన్ 2024లో నిర్బంధంగా సైన్యంలోకి తీసుకునే కనీస వయసును 27 నుంచి 25కు దించింది. అంతకుముందే, 2023 ఆగస్టులో, లంచాల ఆరోపణలతో ప్రాంతీయ సైనిక నియామక కార్యాలయాల అధిపతులందరినీ తొలగించాల్సి వచ్చింది.

వియత్నాం యుద్ధంలో కాలేజీ కుర్రాళ్లు వాయిదాలతో తప్పించుకుంటున్నారన్న ఆగ్రహం పెరిగాక, 1969 డిసెంబరు 1న అమెరికా లాటరీ పెట్టింది. పుట్టినతేదీలు రాసిన 366 గొట్టాలను గాజు జాడీలో పోసి ఒక్కొక్కటీ తీశారు. ముందు వచ్చిన తేదీవాళ్లకే సైన్యానికి ముందు పిలుపు. వాటిని సరిగ్గా కలపలేదు. నవంబరు, డిసెంబరుల్లో పుట్టినవాళ్ల తేదీలు ఎక్కువగా ముందే వచ్చాయి. గణాంక నిపుణులు పట్టేశారు. మరుసటి ఏడాది తేదీలకో డ్రమ్ము, పిలుపు వరుస నంబర్లకో డ్రమ్ము విడివిడిగా పెట్టి తీశారు.