పైల్ కాంక్రీట్‌లో బెంటోనైట్ కలుపుతారట!

ఇప్పుడే సైటు నుంచి వచ్చాను, ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. పైలింగ్ (పునాదికి భూమిలోకి లోతుగా దించే కాంక్రీట్ స్తంభాల పని) సబ్ కాంట్రాక్టర్ మనిషి నా కళ్ళ ముందే బెంటోనైట్ బస్తా విప్పి మిక్సర్‌లో పోయబోయాడు. ఆపితే, "కాంక్రీట్ సాఫీగా దిగుతుంది సార్, లోపలికి నీళ్ళు కూడా ఊరవు, అందరూ కలుపుతున్నారు" అన్నాడు. ఎవరా అందరూ? వాళ్ళు కట్టిన ఇళ్ళలో ఎవరు ఉంటున్నారు?

బెంటోనైట్ అంటే కచ్ నుంచో బార్మర్ నుంచో వచ్చే మట్టి. నీళ్ళు తగిలితే విపరీతంగా ఉబ్బుతుంది. మన డెల్టాలో కాస్త తవ్వితే నీళ్ళు, ఇంకాస్త కిందికి పోతే ఇసుక. పైల్ కోసం తవ్విన బోరు గోడలు కూలకుండా ఉండటానికే లోపల బెంటోనైట్ నీళ్ళు నింపుతాం. బోరు అడుగుదాకా దించిన ట్రెమీ పైపుతో పోసిన కాంక్రీట్ బరువైనది కాబట్టి, కింద నుంచి లేస్తూ ఆ బెంటోనైట్ నీళ్ళని పైకి నెట్టేస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది. బయటికి పోవాల్సినదాన్ని తెచ్చి పైల్ లోపల కూర్చోబెడతారా? కాంక్రీట్ సాఫీగా జారేలా (దాన్నే స్లంప్ అంటాం) లెక్కగట్టి పోసిన నీళ్ళు అది పీల్చేస్తుంది, కాంక్రీట్ బిగుసుకుంటుంది. వీళ్ళు వెంటనే పైపు పెట్టి నీళ్ళు కొడతారు. ఇక ఆ ఎం25 గ్రేడ్ బలం ఎక్కడ మిగులుతుంది?

"పోలవరంలో కలుపుతున్నారు కదా సార్" అని పక్కనున్నవాడు అందుకున్నాడు. పాత గోడ వరదల్లో దెబ్బతింటే 2025 జనవరిలో మొదలుపెట్టిన డయాఫ్రం వాల్ (డ్యామ్ కింద భూమిలోకి దించే అడ్డుగోడ) గురించి అతను చెప్పేది. ఆ గోడది ప్లాస్టిక్ కాంక్రీట్. నది అడుగున ఊట నీళ్ళు ఆపాలి, చుట్టూ ఇసుక కదిలినా గోడ పగలకూడదు. అందుకని బెంటోనైట్ కలిపి కావాలనే మెత్తగా చేస్తారు. అపార్ట్‌మెంట్ బరువు మోసే పైల్‌కి ఆ మెత్తదనం ఎందుకయ్యా? పేరు విన్నారు, కారణం మాత్రం ఎవరూ అడగలేదు.

పోనీ దాన్ని వాడాల్సిన చోటైనా సరిగ్గా వాడతారా అంటే అదీ లేదు. కొత్తగా కలిపిన బెంటోనైట్ సాంద్రత మిల్లీలీటరుకి 1.03 నుంచి 1.10 గ్రాముల మధ్య ఉండాలని పైల్ పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 చెబుతోంది. చిక్కదనం కొలిచే గరాటు, అదే మార్ష్ కోన్‌లో పోస్తే 30 నుంచి 60 సెకన్లలో దిగాలి. ఆ కోన్ చాలా సైట్లలో కనిపించదు. చెయ్యి ముంచి చూసి "చిక్కగానే ఉంది సార్" అంటారు. సముద్రం వైపు సైట్లలో ఆ పక్కనున్న ఉప్పు బోరు నీళ్ళతోనే కలిపేస్తారు. ఉప్పు నీళ్ళలో అది సరిగ్గా ఉబ్బదు, ఉండలు కడుతుంది, గోడని పట్టుకోదు. గోడ రాలి ఇసుక అంతా అడుగుకి చేరుతుంది. ఫ్లషింగ్, అంటే అడుగు కడిగి శుభ్రం చేయడం, సరిగ్గా చేయకుండా దాని మీదే పోత పోస్తారు. పైల్ కాళ్ళ కింద మెత్తటి బురద. భవనం బరువు పడ్డాక అది కుంగితే పగుళ్ళు చూసుకుంటూ ఈఎంఐ కట్టేది ఎవరో ఫ్లాట్ కొన్న మాస్టారు. అప్పటికి ఈ సబ్ కాంట్రాక్టర్ ఏ జిల్లాలో ఉంటాడో!

అసలు వీళ్ళ మీద నా కోపం ఇవాళ్టిది కాదు. వాడేసిన బెంటోనైట్ బురద ఎక్కడికి పోతోందో ఎవరైనా అడిగారా? అర్ధరాత్రి ట్యాంకర్ పంట కాలువ గట్టు మీద ఆగుతుంది, వాల్వ్ తిప్పుతారు, పోతారు. మా ఊరి కాలువలో అలాగే పోశారు. తూము దగ్గర బురద పేరుకుపోయి చివరి పొలాలకి నీళ్ళు అందలేదు. నాట్ల రోజుల్లో రైతులు తలా కాస్త వేసుకుని పొక్లెయిన్ పెట్టించి తీయించుకున్నారు. వాళ్ళకి పైలింగ్ అంటే ఏమిటో కూడా తెలియదు, అయినా ఖర్చు వాళ్ళ నెత్తిన పడింది. బురదలోంచి ఇసుక వేరు చేసే యంత్రాలున్నాయి, బెంటోనైట్‌ని మళ్ళీ వాడుకోవచ్చు. మిగిలిన బురదకి సైటులోనే తొట్టి కట్టి, ఆరాక తరలించవచ్చు. డబ్బు ఖర్చవుతుందని చేయరు, అంతే.

నా సైటులో మాత్రం ఇక ఇవి నడవవు. రేపు మిక్సర్ దగ్గర ఆ బస్తా కనిపిస్తే పోత ఆపేస్తాను. ట్యాంకర్ ఎక్కడ దింపిందో కాగితం చూపించకపోతే బిల్లు మీద నా సంతకం ఉండదు. ఎవరితో ఫోన్ చేయించుకుంటారో చేయించుకోండి.