అరకులో వారం తొక్కితే లేహ్ రేసుకు సిద్ధమైపోతామా?

విజయనగరం, శ్రీకాకుళం సైక్లింగ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. లేహ్‌లో మౌంటెన్ బైక్ రేసుకు వెళ్లేవాళ్లు ముందు ఒక వారం అరకులో తొక్కితే రక్తం పెరుగుతుందట. అరకు కుదరకపోతే ఎలివేషన్ మాస్క్ (ముక్కు, నోటికి పెట్టుకుని తొక్కే, గాలిని అడ్డుకునే మాస్క్) చాలట. ఫిట్‌గా ఉన్నవాళ్లకు పైన ఏ జబ్బూ చేయదట. మూడూ తప్పే. మూడోది ప్రాణం మీదకు తెచ్చే మాట.

ముందు అరకు సంగతి. ఆ లోయ ఎత్తు సుమారు 900 మీటర్లు, లేహ్‌ది దాదాపు 3,500. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా 21 దగ్గరే ఉంటుంది. పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రతీరంతో పోలిస్తే అది అరకులో సుమారు 90 శాతం, లేహ్‌లో 65 శాతం. అరకులో తగ్గిన ఆ కాస్తకే ఎర్ర రక్తకణాలు పెరగవు. అవి పెరగాలంటే మామూలుగా 2,000 మీటర్ల పైన మూడు నాలుగు వారాలు కాపురం ఉండాలి. 1997లో లెవిన్, స్ట్రే-గండర్సన్ ప్రచురించిన అధ్యయనంలో రన్నర్లు 4 వారాలు 2,500 మీటర్ల ఎత్తులో ఉంటూ, ట్రైనింగ్‌కు 1,250 మీటర్లకు దిగేవారు. ఎందుకు దిగారంటే, పైన ఆక్సిజన్ చాలక వేగం పడిపోతుంది, కాళ్లకు తగిన పని దొరకదు.

ఒంట్లో ఐరన్ లేకపోతే ఎంత ఎత్తులో ఉన్నా రక్తం పట్టదు. కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఏజెన్సీ పల్లెల తమ్ముళ్లు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వారసత్వ జబ్బు) పరీక్ష కూడా తప్పక చేయించుకోవాలి. ఏ లక్షణాలూ లేకుండా ఆ జన్యువు ఉన్నవాళ్లకు కూడా అంత ఎత్తులో ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కడం మాత్రం మానొద్దు. కాళ్లకూ బ్రేకుల మీద చేతికీ అంత మంచి సాధన మన దగ్గర ఇంకోటి లేదు.

మాస్క్ పెట్టుకుంటే ఊపిరి తీయడం కష్టమవుతుంది, గాలి ఒత్తిడి మారదు. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోండి.

ఇక మూడోది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు ఫిట్‌నెస్ చూసి ఆగదు. దమ్మున్నవాళ్లు తొందరగా పైకి పోయి ఇబ్బంది పడొచ్చు. విశాఖలో విమానం ఎక్కి, ఢిల్లీ మీదుగా లేహ్‌లో దిగి, ఆ రోజే ఇంకా పైనున్న ఖర్దుంగ్ లా కనుమ వైపు తొక్కడం తెలిసి తెలిసి చేసే ప్రమాదం. మొదటి రెండు రోజులు సైకిల్ ముట్టొద్దు. ఆ తర్వాత పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు. మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంక పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా అర్ధరాత్రైనా సరే కిందికి దించేయాలి.

ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ అనే మందు వేసుకోమని గ్రూపుల్లో చెప్పేస్తున్నారు. డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. పైగా ఆ మందు వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఉంది. డోపింగ్ పరీక్షలుండే రేసైతే ముందే అనుమతి తీసుకోవాలి.

రేసుకు కనీసం రెండు వారాల ముందు లేహ్ చేరేలా సెలవు పెట్టుకోండి. అంత సెలవు దొరక్కపోతే ఈ ఏడాదికి 2,000 మీటర్ల లోపు జరిగే రేసేదైనా చూసుకోండి.