మిద్దె మీద టోల్ గేటు

ఎండాకాలంలో రాత్రి ఏడున్నరకి కర్నూలు మిద్దెల మీద కనబడే జనం గాలికోసం కూర్చున్నారనుకుంటే పొరపాటు. మాది డ్యూటీ. నేను, పక్కింటి రిటైర్డ్ వీఆర్వో గారు, మధ్యలో ఒక గీతల నోటుబుక్కు. మిణుకుమిణుకుమంటూ పోతే విమానం, రెప్ప వేయకుండా జారిపోతే ఉపగ్రహం. ఎడమ రెక్కకు ఎర్రదీపం, కుడి రెక్కకు పచ్చదీపం కాబట్టి అది వస్తోందో పోతోందో కూడా చెప్పేస్తాం. చాలావరకు పోతూనే ఉంటుంది.

హైదరాబాదుకీ బెంగళూరుకీ మధ్య తిరిగేవన్నీ మా నెత్తిమీదుగానే తిరుగుతాయి. దిగమంటే దిగవు. విమానాశ్రయం లేక కాదు. 2021 మార్చి నుంచి ఓర్వకల్లులో నిక్షేపంలా ఉంది. రోజుకు అక్కడ దిగేవాటిని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. మాకిది కొత్తేం కాదు లెండి. 1953 అక్టోబరు 1న ఏకంగా రాజధానే మా ఊళ్లో దిగింది. మూడేళ్లు ఆగి, 1956 నవంబరులో హైదరాబాదుకు ఎగిరిపోయింది.

అందుకే మా డిమాండు. 44వ నంబరు జాతీయ రహదారి మీద పోయే ప్రతి కారూ టోల్ కడుతోంది. పైన పోయేవాళ్లు మాత్రం పుణ్యానికి పోవాలా? నిజానికి మన గగనతలం వాడుకున్నందుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రుసుం తీసుకుంటూనే ఉంది, విమానం బరువును, పోయిన దూరాన్ని బట్టి. ఆ దూరంలో మా మిద్దె పొడవు నలభై అడుగులూ కలిసే ఉన్నాయి. మా వాటా మాకిస్తే చాలు.

ఉపగ్రహాల దగ్గరే చిక్కు. అంతరిక్షం ఏ దేశం సొత్తూ కాదని 1967లోనే ఒప్పందం రాసుకున్నారు. అయినా 1976లో కొలంబియా రాజధాని బొగోటాలో కొన్ని భూమధ్యరేఖ దేశాలు కూడి, తమ నెత్తిమీద 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న కక్ష్య తమదేనని ప్రకటించాయి. ఎవరూ ఖాతరు చేయలేదు. "మనమూ ఒక కాగితం రాసి పెడదాం సార్" అన్నాను. "రాసుకుంటే ఏమొస్తాది సార్, 1937లో శ్రీబాగ్‌లో కోస్తావాళ్లూ సీమవాళ్లూ ఒప్పందం రాసుకోలేదా?" అన్నాడాయన. రెవెన్యూ మనిషి కదా, కాగితం విలువ తెలుసు.

మొన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వచ్చింది. 400 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం. బస్సులో అరగంట పట్టే ఓర్వకల్లు దానికి మూడు సెకన్ల పని. పడమట లేచి, నెత్తిమీదికొచ్చి, ఇంకా తూర్పు దిగకముందే చప్పున ఆరిపోయింది. భూమి నీడలోకి పోయిందని నేను వివరించబోయేలోపే, వడియాలు ఎత్తడానికి వచ్చిన వీఆర్వో గారి భార్య పైకి చూసి, "అయ్యో, దానికీ కరెంటు పోయిందా?" అంది.

వీఆర్వో గారు నవ్వలేదు. నోటుబుక్కు తీసి, సగం ఆకాశమే వాడుకుంది కాబట్టి సగం టోలే బాకీ రాశాడు.