‘ఏ పంట వేరు?’ కాలమ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నాలుగో కాలమ్ గారికి,

అనంతపురం నుంచి నమస్కారాలు. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాడిని వేరుశనగ, కంది కలిపి వేసిన చేలో తవ్వితీసిన వేర్లలో ఏది ఏ పంటదో రాస్తూ పొద్దు వాలేదాకా నింపిన కంప్యూటర్ షీటును తమరు ఎర్రగీత కొట్టి తిప్పి పంపారు. కారణం, తమ గడుల్లో కొన్ని ఖాళీగా ఉన్నాయట, అవి నింపితే గానీ సేవ్ కాదట. ఆ తర్వాత కరెంటు పోయింది, నింపిందంతా పోయింది. కరెంటుతో నాకు పేచీ లేదు, అది చెప్పి పోదు. మీతోనే ఉంది.

మీ దగ్గర బాణం గుర్తు నొక్కితే రెండే పేర్లు వస్తాయి. వేరుశనగ. కంది. మూడోది లేదు. ‘తెలియదు’ అని టైపు చేస్తే ఒప్పుకోరు, చుక్క పెట్టినా ఒప్పుకోరు.

అయ్యా, భూమ్మీద సంగతి అయితే మీరు అడగక్కర్లేదు, ఏడు సాళ్ల శెనక్కాయకు ఒక సాలు కంది, కొందరు పదకొండుకు ఒకటి, పదిహేనుకు ఒకటి కూడా వేస్తారు, గట్టు మీద నిలబడి చిన్నపిల్లాడు కూడా ఏది ఏదో చెప్తాడు. కానీ మనం కింద చూస్తున్నాం. కంది మొదలు పక్కన గొయ్యి తవ్వి (మా ఎర్రనేలలో కాస్త తవ్వగానే గరుసు, గడ్డపార మోగుతుంది), ఆ గోడ నుంచి మట్టి దిమ్మ కోసి, డ్రమ్ములో నానబెట్టి, అర మిల్లీమీటరు జల్లెడ మీద మెల్లగా కడిగి, చచ్చిన గడ్డిపోచలు, పోయినేటి పంట వేర్లు ఏరి పారేశాక ట్రేలో మిగిలేది ఏమిటో తెలుసా? పీచు. తెలుపూ కాని గోధుమరంగూ కాని పీచు, సగం తెగిపోయి. ఫ్యాను వేస్తే ఆరినవి ఎగిరిపోతాయని ఆ షెడ్డులో ఫ్యాను కూడా ఉండదు. అలా చెమట కారుతూ ఒక్కో ముక్కనీ పట్టుకారుతో ఎత్తి, ‘నువ్వెవరి తాలూకు తల్లీ’ అని అడగాలి. ఉగ్గాని కలిపాక ఒక్కో బొరుగునీ చూపించి ఇది ఏ అంగట్లో కొన్నావని అడిగినట్టుంది మీ వరస.

లావు వేరైతే చెప్తాను. కంది తల్లివేరు దాచినా దాగదు. బుడిపెలున్న ముక్కయినా కొంత నయం, శెనక్కాయకు బుడిపెలు పక్కవేరు పుట్టే మూలలోనే వస్తాయి, మామూలు వేర్లకుండే నూగు కూడా దానికి దాదాపు ఉండదు. బుడిపె లేని, నూగు రాలిపోయిన, అంగుళం కూడా లేని ముక్కల సంగతేంటి? ట్రేలో ఎక్కువ అవే కదా!

స్కానర్ ఉంది కదా అంటారు. ఉంది. పొడవు చెప్తుంది, మందం చెప్తుంది, కులగోత్రాలు చెప్పదు. మట్టిలో గాజు గొట్టం దించి కెమెరాతో తీసినా అంతే. కంది పక్కన కొర్రో జొన్నో ఉంటే కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాల) లెక్కతోనైనా తేలేది, ఆ రెండూ గాలిలోని కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకునే సీ4 పంటలు, కంది ఇంకో పద్ధతిలో పట్టుకునే సీ3, ఆ రకాల పాళ్లు రెంటిలో వేరుగా ఉంటాయి. మా ఖర్మకు శెనక్కాయా సీ3యే, కందీ సీ3యే, రెండూ పప్పుజాతివే. డీఎన్ఏ తీస్తే తేలుతుంది, బడ్జెట్టులో దానికి ఎదురుగా సున్నా ఉంది. అమెరికాలోని నెబ్రాస్కాలో జాన్ వీవర్ అని ఒకాయన వందేళ్ల కిందటే గోతుల్లో దిగి వేరు తర్వాత వేరు విడదీసి బొమ్మలు గీశాడు. ఆయనకు డ్రాప్‌డౌన్ లేదు, అదృష్టవంతుడు.

మీరడిగేది మంచి ప్రశ్న కావడమే నా అసలు కడుపుమంట. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. నూటపది రోజులకు అటూఇటూగా శెనక్కాయ పీకేస్తాం, కంది మాత్రం ఇంకా నిలబడి లోతు తేమ వెతుక్కుంటూ ఐదారు నెలలు బతుకుతుంది. ఎవరి వేరు ఎంత లోతులో ఉందో తెలిస్తేనే ఈ జంట కలిసి తింటోందా, ఒకరి నోటిదగ్గరది ఒకరు లాక్కుంటోందా తెలిసేది. పైగా కంది ఉత్తది కాదు. ఎర్రనేలలో ఇనుముకు అంటుకుపోయిన భాస్వరాన్ని దాని వేరు పిసిడిక్ ఆమ్లం వదిలి విడిపిస్తుందని 1990లోనే మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన నొరిహారు (ఇంటిపేరు Ae) అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. అలా విడిపించిన దాంట్లో పక్కనున్న శెనక్కాయకు ఎంత దక్కిందో రాయడానికి మాత్రం మీ పక్కన ఏ కాలమూ లేదు. ఉండదు కూడా.

సరే, అడిగారు. మర్యాదగా తెలియదన్నాను. తెలియనిదాన్ని కందికి రాయమంటారా? ఓ సారు అలాగే అన్నారు, ‘మొదలుకు దగ్గరుంటే కంది అని కొట్టేయవయ్యా’ అని. మొదలు దగ్గర ఏముందో తెలుసుకోవడానికే కదా గొయ్యి తవ్వింది! అలా కొట్టేస్తే రేపు గ్రాఫులో కంది వేర్లు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, దాన్ని చూసి ఎవరో రైతుకు సాళ్లు మార్చుకోమని సలహా చెప్తారు, పోయేది ఆయన పంట, మీకేం పోయింది?

మూడో పేరు పెట్టండి. ‘విడదీయలేనివి’. ఎంత బరువుందో దాని కింద నిజాయితీగా రాస్తాను, ఎక్కువే ఉంటుంది, ఉండనీయండి. కుదరదంటే రేపటి ట్రేలు కడిగి ఆరబెట్టను. తడిగానే తెచ్చి మిమ్మల్ని తయారుచేసిన సారు టేబుల్ మీద బోర్లిస్తాను, పట్టుకారు కూడా అక్కడే పెట్టి వస్తాను, ఆయన్నే ఏరుకోమనండి.

ఇట్లు,
జల్లెడ పట్టుకున్నవాడు