ఎక్కడికైనా ఒక టికెట్టు

ఇడ్లీ పిండి తెమ్మని మా ఆవిడ పంపింది. వీధి చివర పిండి కొన్నాను. బీచ్ రోడ్డు మీదుగా పోయే భీమిలి బస్సు వచ్చింది. ఎక్కాను. మధ్యలో ఏం జరిగిందని ఇంటిల్లిపాదీ నిలదీస్తున్నారు. ఏమీ జరగలేదు, కుడివైపు కిటికీ సీటు ఖాళీగా కనిపించింది. భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం ఏ వైపు ఉంటుందో విశాఖవాడికి వేరే చెప్పాలా?

దీనికి డ్రోమోమేనియా అని పేరుంది. ఊరికే తిరగాలనిపించడం, ఆపుకోలేకపోవడం. ఫ్రాన్సులో బోర్డో అనే ఊళ్లో జాన్ అల్బేర్ దదా అని గ్యాసు కంపెనీ కార్మికుడు ఒకడుండేవాడు. ఎవరైనా అతని చెవిన ఒక ఊరి పేరు వేస్తే చాలు, పనీ ఇల్లూ వదిలేసి నడక మొదలుపెట్టేవాడు. రోజుకు 70 కిలోమీటర్ల దాకా నడిచేవాడట. అలా అలా మాస్కో చేరాడు, కాన్‌స్టాంటినోపుల్ చూశాడు. 1886లో ఆసుపత్రిలో చేరితే, ఫిలిప్ టిస్సియే అనే వైద్య విద్యార్థి అతని కథంతా రాసుకుని మరుసటి ఏడాదే సిద్ధాంత వ్యాసంగా సమర్పించాడు. కాళ్లరిగేలా తిరిగింది ఒకడు, డాక్టరైంది ఇంకొకడు.

దదాకున్న సుఖం ఏమిటంటే నడిచినంతసేపూ కండక్టరు తగల్లేదు.

"ఎక్కడికి సార్?" అన్నాడు మా కండక్టరు.

"ఇంకా అనుకోలేదు" అన్నాను. ఉన్నమాటే చెప్పాను. ఋషికొండ దగ్గర మనసు లాగితే అక్కడే దిగుతాను, లేకపోతే భీమిలి. ఇప్పుడే తేల్చి చెప్పమంటే ఎలా?

"మిషన్లో ఊరు కొట్టాలి సార్. ఊరు లేకుండా టికెట్టు రాదు."

చేతిలో ఇమిడే ఆ మిషన్ ఛార్జీ లెక్క కడుతుంది, తేదీ వేస్తుంది, చిల్లర ఎంతివ్వాలో కూడా చెబుతుందేమో. 'ఎక్కడికైనా' అనే మీట ఒక్కటి పెట్టాలని మాత్రం దాన్ని తయారుచేసిన మహానుభావుడికి తోచలేదు. ముందు సీట్లలో ఆడవాళ్లు చకచకా సున్నా రూపాయల టికెట్లు తీసుకుంటున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి వాళ్లకు బస్సు ఉచితం. మా ఆవిడకు ఆధార్ కార్డు ఉంది, ఉచితం ఉంది, గుమ్మం దాటాలన్న కోరికే లేదు. ఆ కోరిక ఉన్నవాణ్ణి నేను డబ్బు పెట్టుకుని సంజాయిషీ కూడా ఇచ్చుకోవాలి.

కండక్టరు కదలడం లేదు. వెనక నుంచి సలహాలు మొదలయ్యాయి. "సాగర్‌నగర్ కొట్టెయ్యి." "కాదు, పెద్దాయన మరిచిపోయినట్టున్నాడు, ఇంటికి ఫోను చేయించండి." పెద్దాయనట! ఆ మాటతో నాకు ఒళ్లు మండి, పైకి లేచి, కమ్మీ పట్టుకుని, "ఇదొక జబ్బండీ. డ్రోమోమేనియా!" అని గట్టిగా చెప్పాను. దదా గురించి కూడా చెబుదామనే లేచాను.

అదే సమయానికి బస్సు గోతిలో పడి నేను ఊగిపోయాను.

"అయ్యో, ఫిట్స్!" అని ఎవరో అరిచారు. అంతే, వెనక సీటులోని తెల్ల చొక్కా ఆయన నా కుడి చెయ్యి లాగి, వేళ్లు విడదీసి, ఇంత లావు తాళాల గుత్తి కుక్కి, తన రెండు చేతులతో నా పిడికిలి బిగించాడు. ఇనుము పట్టుకుంటే మూర్ఛ దిగుతుందని మనవాళ్ల నమ్మకం. దిగదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, తాళాలు చేతులు మారుతూనే ఉన్నాయి. నేను "నాకేమీ లేదు" అన్నకొద్దీ ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు. బీరువా తాళం పళ్లు అరచేతిలో దిగాయి. చేపలమ్మి ఖాళీ గంపతో ఇంటికి పోతున్న అమ్మ నీళ్లు చల్లింది. ఒక కుర్రాడు వీడియో తీశాడు. కండక్టరు మాత్రం, "కేజీహెచ్ ఆసుపత్రికైతే అటువైపు బస్సు ఎక్కాలి కదా సార్" అన్నాడు, మిషన్ కింద పెట్టకుండానే.

తొట్లకొండ వచ్చింది. వానాకాలం ఒకచోట ఉండి, తక్కిన కాలమంతా ఊళ్లు తిరగమని బుద్ధుడు భిక్షువులకు నియమం పెట్టాడు. ఆ కొండ మీద బౌద్ధ విహారాలు కట్టారు, రాతిలో నీళ్ల తొట్లు తొలిచారు. వాళ్లను ఎక్కడికి అని ఎవరూ అడిగినట్టు లేదు. పైగా భిక్ష వేశారు.

ఈ గొడవలో తెల్ల చొక్కా ఆయన ఎప్పుడు దిగాడో చూడలేదు. "గట్టిగా పట్టుకో, వదలకు" అన్నదే ఆఖరి మాట. వదల్లేదు. మంగమారిపేట దాటాక పిడికిలి విప్పి చూస్తే తాళాలున్నాయి, ఆయన లేడు. ఎవరో నా జేబులోంచి నోటు తీసి ఇచ్చినట్టున్నారు, పిండి సంచిలో భీమిలి టికెట్టు ఉంది.

ఇల్లు చేరేసరికి పిండి పులిసి ప్యాకెట్టు పగిలింది. దాని సంగతి వదిలేయండి. ఆ గుత్తిలో ఇంటి తాళం, బీరువా తాళం, స్కూటరు తాళం ఉన్నాయి. పాపం, ఆ మనిషి ఎక్కడో గుమ్మం బయట నిలబడి ఉంటాడు.

"సాగర్‌నగర్ నుంచి తిమ్మాపురం దాకా వీధి వీధీ వెతికి ఇచ్చి రావాలి. రేపు పొద్దున్నే బయలుదేరతాను" అన్నాను.

మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. గుత్తి లాక్కుని మా బీరువాలో పెట్టి, తాళం వేసి, ఆ తాళం చెవి బొడ్లో దోపుకుంది.